నడి నీటిలో ఆగిపోయే పెట్రోల్ ఇంజిన్: అటామిక్ ఫోర్‌లో లోపం ఎక్కడ వెతకాలి

నమస్కారం. పడవ లోపల అమర్చిన పెట్రోల్ ఇంజిన్ ఒక గంటసేపు చక్కగా నడిచి, ఉన్నట్టుండి ఆగిపోయి, అరగంట తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ కావడం పాత సెయిల్‌బోట్లు కొన్నవారిలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. ఈ వీడియోలో ఆ లోపాన్ని ఒక నిర్దిష్టమైన ఇంజిన్ మీద, అంటే అటామిక్ ఫోర్ మీద, వివరంగా చూద్దాం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, ఆష్‌కాష్ పట్టణానికి చెందిన యూనివర్సల్ సంస్థ 1947 నుంచి 1980ల వరకు ఈ ఇంజిన్‌ను తయారు చేసింది. నాలుగు సిలిండర్లు, సుమారు ఒక లీటరు సామర్థ్యం, 30 హార్స్‌పవర్ గల ఈ ఇంజిన్లు దాదాపు 40,000 తయారయ్యాయి. కాటలినా 30, పియర్సన్ 30 వంటి పాత పడవల్లో ఇవి నేటికీ పనిచేస్తున్నాయి. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లోని మరపడవలు డీజిల్‌తో నడుస్తాయి కనుక వాటికి స్పార్క్ ప్లగ్గు గానీ, స్పార్క్‌కు కావలసిన అధిక వోల్టేజీని పుట్టించే కాయిల్ గానీ ఉండవు. అయితే చివర్లో ఎగ్జాస్ట్ గురించి, ప్రొపెల్లర్ గురించి చెప్పబోయే విషయాలు ఆ ఇంజిన్లకు కూడా వర్తిస్తాయి.

ముందుగా ప్రాణానికి సంబంధించిన మాట. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది. అది పైకి పోకుండా పడవ అడుగుభాగంలో, అంటే బిల్జ్‌లో పేరుకుంటుంది. ఈ వీడియోలో చెప్పే పరీక్షల్లో కొన్నిటిలో నిప్పురవ్వ పుడుతుంది కనుక, ఇంజిన్ గదిలోని గాలిని బయటికి తోసే ఫ్యానును, అంటే బ్లోయర్‌ను, కనీసం నాలుగు నిమిషాలు నడిపి, ఇంజిన్ మూత తీసి, బిల్జ్ దగ్గర స్వయంగా వాసన చూసి, పెట్రోల్ జాడ ఏమాత్రం లేదని నిశ్చయించుకున్న తర్వాతే చేయి పెట్టండి. వాసన తగిలితే ఆ రోజుకు స్పార్క్ సంగతి పక్కనపెట్టి, లీకు ఎక్కడుందో వెతకడమే సరైన పని.

ఇక అసలు ప్రశ్న: ఇంజిన్ ఎలా ఆగింది? తాళం తిప్పి ఆపేసినట్టు ఒక్కసారిగా ఆగిందా, లేక తడబడుతూ, వేగం తగ్గుతూ పెరుగుతూ, చివరికి ఊపిరి విడిచిందా? ఒక్కసారిగా ఆగితే అనుమానం ముందు స్పార్క్ మీదికి వెళ్లాలి. తడబడి ఆగితే పెట్రోల్ మీదికి వెళ్లాలి. ఇది నూటికి నూరుపాళ్లూ తప్పని సూత్రం కాకపోయినా, వెతుకులాటను సరైన వైపు మళ్లిస్తుంది. దీనికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. వేడెక్కినప్పుడు మాత్రమే కనిపించే లోపాన్ని వేడి మీదే పట్టుకోవాలి. పడవను రేవుకు లాగించుకుని, మర్నాడు ఉదయం చల్లని ఇంజిన్ మీద పరీక్ష చేస్తే ప్రతిదీ సవ్యంగానే కనిపిస్తుంది. అప్పుడు ఊహ మీద కాయిల్, ప్లగ్గులు, పంపు ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవడం తప్ప దారి ఉండదు. అందుకే మల్టీమీటరు, స్పార్క్ టెస్టరు, ఫ్యూజు ఉన్న పొడవైన వైరు, ఈ మూడూ ఎప్పుడూ పడవలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇంజిన్ ఆగిన వెంటనే పడవ కొట్టుకుపోకుండా లంగరు వేసో తెరచాప ఎత్తో భద్రం చేసుకుని, ఆ వేడి మీదే పరీక్ష మొదలుపెట్టండి.

సెల్ఫ్ కొట్టే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ ఇంజిన్‌ను చల్లబరిచిన నీరు ఎగ్జాస్ట్ గొట్టంలోకి వచ్చి, పొగ తోపుడుతో బయటికి పోతుంది. ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే పంపు నీటిని తోస్తూనే ఉంటుంది గానీ, దాన్ని బయటికి నెట్టడానికి చాలినంత పొగ ఉండదు. ఆ నీరు మఫ్లర్‌లో నిండి, పైకి ఎగదన్ని, తెరుచుకుని ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండర్లోకి చేరుతుంది. చిన్న స్పార్క్ లోపం వల్ల మొత్తం ఇంజిన్ పాడయ్యే పరిస్థితి సరిగ్గా ఇక్కడే వస్తుంది. కాబట్టి పరీక్ష కోసం పదేపదే సెల్ఫ్ కొట్టవలసి వస్తే బయటి నీటి వాల్వు కట్టేయండి; ఇంజిన్ అందుకున్న మరుక్షణం దాన్ని తెరవండి. తెరవడం మరిచిపోతే పంపులో నీటిని తోసే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, నీరు లేక కాలిపోతుంది.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్, అంటే స్పార్క్‌ను వంతులవారీగా నాలుగు ప్లగ్గులకు పంచే భాగం, దాని క్యాప్ మధ్యలోంచి కాయిల్ వైరు ఊడదీసి, స్పార్క్ టెస్టరుకు తగిలించి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించండి. నీలిరంగులో, చిటపటమని వినిపించే స్పార్క్ వస్తే కాయిల్ వరకు అంతా బాగున్నట్టు. లోపం క్యాప్‌లోనో, దాని లోపల తిరిగే రోటర్‌లోనో, ప్లగ్గు వైర్లలోనో, లేదా పెట్రోల్ వైపో ఉంటుంది. పసుపుపచ్చని బలహీనమైన స్పార్క్ వచ్చినా, అసలే రాకపోయినా, మీటరు చేతిలోకి తీసుకోవాలి.

తాళం ఆన్ చేసి, పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల కాయిల్ కరెంటును కలుపుతూ తెంచే చిన్న స్విచ్చు) మూసుకుని ఉండగా, కాయిల్ పాజిటివ్ దగ్గర వోల్టేజీ చూడండి. కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బాహ్య రెసిస్టరు లేని అమరికలో అది బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా ఉండాలి. ఒకటి రెండు వోల్టులు తక్కువ వస్తే కరెంటు దారిలోనే ఎక్కడో ఆగుతోందని అర్థం. ఈ పడవల్లో కరెంటు స్టార్టర్ దగ్గర బయలుదేరి, కాక్‌పిట్‌లో కరెంటును చూపే ఆమ్‌మీటరుకు, అక్కణ్ణుంచి తాళానికి వెళ్లి, తిరిగి ఇంజిన్ దగ్గరికి వస్తుంది. అన్నేళ్ల ఉప్పుగాలికి మధ్యలోని కనెక్టర్లలో పచ్చని చిలుము పడుతుంది. బ్యాటరీ పాజిటివ్ నుంచి కాయిల్ పాజిటివ్‌కు ఫ్యూజు వైరు నేరుగా తగిలించినప్పుడు ఇంజిన్ అందుకుంటే కాయిల్ నిర్దోషి, వైరింగే దోషి. ఆ వైరు తగిలించి ఉన్నంతవరకు తాళం తిప్పినా ఇంజిన్ ఆగదని, ఆపాలంటే వైరే తీయాలని గుర్తుంచుకోండి.

వోల్టేజీ సరిగా ఉండి స్పార్క్ లేకపోతే కాయిల్ వంతు వస్తుంది. వైర్లు తప్పించి దాని ప్రైమరీ రెసిస్టెన్సు, అంటే పాజిటివ్, నెగటివ్ కొనల మధ్య ఉండే రెసిస్టెన్సు, కొలవండి. ఒకటిన్నర ఓముల కాయిల్ అయితే దానికి బయట ఒక రెసిస్టరు ఉండి తీరాలి. ఎవరో ఎప్పుడో ఆ రెసిస్టరు లేకుండా బిగించి ఉంటే, ఛార్జింగ్ సమయంలోని 14 వోల్టుల దగ్గర పాయింట్లు మూసుకున్నంతసేపూ 9 ఆంపియర్లకు పైగా కరెంటు ప్రవహించి, సుమారు 130 వాట్ల వేడి పుడుతుంది. అదే కాయిల్, రెసిస్టరు కలిపి మొత్తం నాలుగు ఓములు ఉంటే మూడున్నర ఆంపియర్లు, 49 వాట్లు మాత్రమే. గంట తర్వాత ఆగి, చల్లబడ్డాక బతికే ఇంజిన్ రహస్యం చాలాసార్లు ఈ లెక్కలోనే దొరుకుతుంది. ఇంజిన్ నడవకుండా తాళం ఆన్‌లో వదిలేసినా, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ ఇలాగే కాలుతుంది.

పాయింట్ల ఎడం 0.018 నుంచి 0.020 అంగుళాల మధ్య ఉండాలి; వాటి ముఖాలు నల్లబడి గుంటలు పడితే, పాయింట్లు తెరుచుకున్నప్పుడు రవ్వలు రాకుండా కాపాడే కండెన్సర్‌తో సహా మార్చండి. ఇంజిన్ తక్కువ వేగంలో ముచ్చటగా నడిచి, రేస్ ఇచ్చినప్పుడు బరువెక్కితే డిస్ట్రిబ్యూటర్ లోపల, పాయింట్ల పళ్లెం కింద ఉండే అడ్వాన్స్ బరువులను, అంటే వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుగా వచ్చేలా చేసే భాగాలను, చూడాలి. తేమకు అవి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. రోటర్‌ను వేళ్లతో పట్టి కొద్దిగా తిప్పి వదిలితే స్ప్రింగు బలానికి వెనక్కి రావాలి, రాకపోతే బిగుసుకున్నట్టే. భాగాలు మార్చేటప్పుడు కారు దుకాణంలో చవకగా దొరికే డిస్ట్రిబ్యూటర్ గానీ స్టార్టర్ గానీ తేవద్దు. చుట్టూ ఉన్న పెట్రోల్ ఆవిరి అంటుకోకుండా తమ రవ్వను లోపలే అణిచిపెట్టే పడవ భాగాలనే వాడాలని అమెరికా కోస్ట్ గార్డ్ నియమం. అది ఊరికే పెట్టిన నియమం కాదు.

స్పార్క్ నిక్షేపంగా ఉంటే పెట్రోల్ వైపు రండి. వేగం తగ్గుతున్నప్పుడు చోక్ కొద్దిగా లాగి చూడండి. ఇంజిన్ వెంటనే తేరుకుంటే పెట్రోల్ చాలడం లేదని తెలిసిపోతుంది. కార్బురేటర్ మెయిన్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్నని రంధ్రం), ఫిల్టరు, ట్యాంకు గాలి గొట్టం శుభ్రం చేయాలి. ట్యాంకు మూత వదులు చేయగానే కోలుకుంటే గాలి గొట్టమే మూసుకుపోయింది.

ఇక గేరు వేయనప్పుడు హుషారుగా తిరిగి, గేరు వేయగానే వేగం అందుకోని ఇంజిన్. దీనికి ముందు ప్రొపెల్లర్ మీద పట్టిన గుల్లలు గీకించండి. ఆ తర్వాత ఎగ్జాస్ట్ చూడండి. వేడి పొగ, ఉప్పునీరు కలిసే చోట లోపలివైపు తుప్పు, మసి పేరుకుని దారి సన్నబడుతుంది, బయటికి మాత్రం గొట్టం బాగానే కనిపిస్తుంది. సిలిండర్ల పొగ ఒకచోట చేరే మానిఫోల్డ్ దగ్గర ప్రెజర్ గేజ్ పెట్టి, పడవను రేవుకు గట్టిగా కట్టి, గేరులో పూర్తి రేస్ ఇచ్చి చూసినప్పుడు ముల్లు రెండు పీఎస్ఐ (చదరపు అంగుళానికి రెండు పౌండ్ల ఒత్తిడి) దాటితే ఆ గొట్టాన్ని విప్పి మార్చవలసిందే. అది మార్చకుండా కార్బురేటర్ ఎన్నిసార్లు సరిచేసినా వేగం రాదు.