తోడేలు పేరున్న పిల్లవాడి దేశం

శ్రోతలకు నమస్కారం.

పుట్టిన పిల్లలు వరసగా దక్కకుండా పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డకు పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టేవాళ్లని మన ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుసు. ఇలాంటి పేరున్న బిడ్డ తనకెందుకని మృత్యువు పక్కకు తప్పుకుంటుందని ఆ తల్లిదండ్రుల ఆశ. 1787లో, మనకు వేల కిలోమీటర్ల దూరాన, ఐరోపాలో ఇప్పటి సెర్బియాలో ఉన్న త్ర్షిచ్ అనే పల్లెలో ఇంకో జంట ఇదే ఆశతో కొడుక్కి వుక్ అని పేరు పెట్టారు. సెర్బియన్ భాషలో వుక్ అంటే తోడేలు. పసివాళ్లను పొట్టన పెట్టుకునే మంత్రగత్తెలు తోడేలు జోలికి రారని వాళ్ల నమ్మకం.

సెర్బుల గురించి పిల్లలకు చెప్పాల్సి వస్తే నేను మొదలుపెట్టేది ఈ పేరుతోనే. రాజధాని బెల్‌గ్రేడ్, డబ్బు పేరు దినార్ అని మొదలుపెడితే పరీక్షకు బట్టీపట్టి మర్నాటికి మర్చిపోతారు. కొడుకు బతకాలని తోడేలు పేరు పెట్టిన అమ్మను మాత్రం మర్చిపోరు.

ఆ పిల్లవాడు బతికాడు. వుక్ కరాజిచ్ అయ్యాడు. చదువుకోవడానికి కాగితం లేక తూటాలకు చుట్టే కాగితం మీద, తుపాకి మందు నీళ్లలో కలిపి, రెల్లుపుల్లతో అక్షరాలు దిద్దాడని చెబుతారు. ఒక కాలు చచ్చుబడితే కర్రకాలితోనే తిరిగాడు. జనం పాడే పాటలు, చెప్పుకునే కథలు, సామెతలు పోగుచేశాడు. అప్పటి పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది చర్చి పండితుల భాష. పొలంలో పనిచేసే మనిషికి అది అర్థమయ్యేది కాదు. మాట్లాడినట్టే రాయాలి, రాసినట్టే చదవాలి అని వుక్ పట్టుబట్టాడు. ఒక ధ్వనికి ఒకే అక్షరం, మొత్తం 30 అక్షరాలు. 1818లో జనం మాటలతో నిఘంటువు తెచ్చాడు. పండితులు మండిపడ్డారు. ఆయన 1864లో కన్నుమూశాడు. ఆయన రాత పద్ధతిని సెర్బియా ప్రభుత్వం ఒప్పుకున్నది ఆ తర్వాత నాలుగేళ్లకు.

ఇది వింటుంటే మీకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొచ్చే ఉంటారు. 1863లో పుట్టిన ఆయన కూడా వాడుక భాష కోసం పండితులతో పోరాడారు. సవర గిరిజనుల మధ్యకు వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పాటలు రాసుకున్నారు. అక్కడి జ్వరాలకు క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నారు. పిల్లలకు ఈ ఇద్దరినీ ఒకే రోజు పరిచయం చేయండి.

వుక్ రాసుకున్న పాటల్లో గొప్పవి కొన్ని ఫిలిప్ విష్ణిచ్ అనే అంధ గాయకుడు పాడినవి. ఆయన చేతిలో ఉండేది గుస్లె. ఒకటే తీగ, అదీ గుర్రపు వెంట్రుకలతో చేసింది, కమానుతో వాయిస్తారు. బుర్రకథ విన్న చెవులకు ఈ వీరగాథలు కొత్తగా అనిపించవు. చదువురాని ఆడవాళ్లు కూడా ఆ గాథలను కంఠతా పట్టేవారు. విద్యుత్తు శాస్త్రవేత్త నికోలా టెస్లా తల్లి అలాంటి మనిషే. ఇంటి పనికి కావలసిన పరికరాలు కూడా ఆవిడే తయారుచేసుకునేది. టెస్లా 1856లో పుట్టిన ఊరు ఇప్పుడు క్రొయేషియాలో ఉంది. సెర్బులు సెర్బియాలోనే కాదు, బోస్నియా, మాంటినిగ్రో, క్రొయేషియాల్లో కూడా ఉన్నారని ఆయన కథతోనే చెప్పవచ్చు.

సెర్బియా తెలంగాణ కంటే చిన్నది, సముద్రం లేదు. సావా నది డాన్యూబ్‌లో కలిసేచోట ఉంది బెల్‌గ్రేడ్. వాళ్ల భాషలో ఆ మాటకు తెల్లని నగరం అని అర్థం. 1961 సెప్టెంబరులో అలీన దేశాల మొదటి శిఖరాగ్ర సభకు నెహ్రూ వెళ్లింది అక్కడికే. అప్పుడది సెర్బియా, బోస్నియా, క్రొయేషియా లాంటివన్నీ కలిసి ఉన్న యుగోస్లావియా రాజధాని.

పిల్లలు కాస్త పెద్దయ్యాక ఆ దేశం ముక్కలైన సంగతి కూడా చెప్పాలి, దాచకూడదు. 1995లో స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బు సైన్యం 8 వేల మందికి పైగా ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపింది. 1999లో అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో విమానాలు 78 రోజులు సెర్బియా మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో బెల్‌గ్రేడ్‌లో రాత్రిళ్లు షెల్టర్‌లో తలదాచుకుని పగలు టెన్నిస్ ఆడిన పదకొండేళ్ల పిల్లవాడే నొవాక్ జొకోవిచ్. ఆ హత్యలూ ఈ బాంబులూ, రెండు సంగతులూ పిల్లలకు కలిపే చెప్పాలని నా అభిప్రాయం. ఒకటి చెప్పి రెండోది దాచితే మనం చెప్పింది అబద్ధమవుతుంది.

ఇక ఇంట్లోకి వెళ్దాం. ఇంగ్లీషులో అందరూ అంకులే. సెర్బులకు అలా కుదరదు. నాన్న తమ్ముడైనా అన్నయ్యైనా స్త్రిట్స్, మేనమామ ఉయాక్, మేనమామ భార్య ఉయ్నా. అమ్మమ్మనీ నానమ్మనీ మాత్రం బాబా అంటారు. ఇది చెప్పగానే మన పిల్లలు పడీపడీ నవ్వుతారు.

మనకు ఇలవేల్పు ఉన్నట్టే వాళ్లలో ప్రతి కుటుంబానికీ కాపాడే సెయింట్ ఉంటాడు. ఆయన పండుగ పేరు స్లావా. తండ్రి నుంచి కొడుకులకు వస్తుంది. ఆ రోజు కొవ్వొత్తి వెలిగిస్తారు, అలంకరించిన రొట్టె కోస్తారు. ఉడికించిన గోధుమల్లో పంచదార, అక్రోటు పొడి కలిపి గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లకూ మొదట ఒక చెంచా పెడతారు. ఎవరినీ పిలవరు. తెలిసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. 2014లో యునెస్కో ఈ పండుగను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

వాళ్ల చర్చి పాత క్యాలెండర్ పాటిస్తుంది కాబట్టి క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. అంతకు ముందు మూడు ఆదివారాలు పిల్లలవే అనుకోండి. మొదటి ఆదివారం పెద్దలు పిల్లల్ని తాడుతో కట్టేస్తారు, పిల్లలు ఏదో ఒకటి ఇచ్చి విడిపించుకోవాలి. రెండో ఆదివారం పిల్లలు అమ్మను కట్టేస్తారు, మూడో ఆదివారం నాన్నను. మిఠాయిలూ కానుకలూ చేతిలో పడందే ముడి విప్పరు.

జనవరి 6 సాయంత్రం, మన భోగికి వారం ముందు, చర్చి ముందు ఓక్ కొమ్మలతో మంట వేస్తారు. పాత పద్ధతి పాటించే ఇళ్లలో ఇంటిపెద్ద గడ్డి తెచ్చి నేలమీద పరుస్తూ కోడిపెట్టలా క్వో, క్వో అంటాడు. పిల్లలు పియు, పియు అంటూ కోడిపిల్లల్లా వెనకే తిరుగుతారు, గడ్డిలో చల్లిన అక్రోటులు ఏరుకుంటారు. మర్నాడు పొద్దున ఇంటికి వచ్చిన మొదటి అతిథి పొయ్యిలోని ఓక్ కట్టెను కదిపి నిప్పురవ్వలు లేపుతాడు. ఎన్ని రవ్వలు లేస్తే ఈ ఇంట్లో అన్ని గొర్రెలు, అన్ని కోడిపిల్లలు, అంత ఆరోగ్యం ఉండాలని గట్టిగా దీవిస్తాడు.

సెలవు. నమస్కారం.