ఆ ఏడుగురు ఎవరు?

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక సేవ చేస్తున్నారు. కొందరు పెద్దాసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు అన్నం పెడుతున్నారు. కొందరు బస్తీ పిల్లలకు సాయంత్రాలు చదువు చెబుతున్నారు. "మా సేవా సంస్థకు రిజిస్ట్రేషన్ ఎలా చేయించాలి?" అని వచ్చినప్పటి నుంచీ అడుగుతున్నారు. చెబుతాను.

తెలంగాణలో సొసైటీ పెట్టాలంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆశయాలు చెప్పే మెమొరాండం, సంస్థ నడిచే నియమాలు చెప్పే బైలాస్, ఆఫీసు చిరునామాకు ఆధారం జతచేసి రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టాలి. ట్రస్టుకైతే ఇద్దరు ట్రస్టీలు చాలు, ట్రస్టు పత్రం (డీడ్) సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అవుతుంది. కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీగా కూడా పెట్టొచ్చు గానీ, ఏటా చేయాల్సిన ఫైలింగుల ఖర్చు చిన్న సంస్థ మోయలేదు. నన్నడిగితే బస్తీలో పదిమంది కలిసి చేసే పనికి సొసైటీయే నప్పుతుంది. అందులో ఏ ఒక్కరూ యజమాని కారు.

అయితే ఆ ఏడుగురు ఎవరు?

బోరబండలో ట్యూషన్ కేంద్రం మొదలుపెట్టినప్పుడు నిజంగా పనిచేసేవాళ్లం ఇద్దరమే. మిగతా ఐదుగురినీ "ఊరికే ఒక సంతకం పెట్టండి" అని బతిమాలి చేర్చాం. మా బావను కోశాధికారిని చేశాం. ఏడాది తిరక్కుండానే ఆయన అమెరికా వెళ్లిపోయాడు. చెక్కు మీద ఆయన సంతకం కూడా ఉండాలని బైలాస్‌లో మేమే రాసుకున్నాం. ఆయన పేరు మార్చాలంటే తీర్మానం కావాలి, తీర్మానానికి కోరం, అంటే కనీస హాజరు కావాలి, కోరానికి మనుషులు రారు. ఖాతాలో డబ్బుండి కూడా నాలుగు నెలలు టీచరమ్మకు జీతం ఇవ్వలేకపోయాం. ఆమె ఒక్క రోజూ మానలేదు. ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్లాక, "సార్, బస్ పాస్ డబ్బులైనా సర్దుతారా?" అని అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మన హైదరాబాదులోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది కదా. నిజాం కాలంలో, 1901 సెప్టెంబరు 1న పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావు వంటివాళ్లు దాని వెనక నిలబడ్డారు. వాళ్లంతా పోయినా సుల్తాన్‌బజార్‌లో ఆ గ్రంథాలయం నిలిచే ఉంది. పేరుకు సంతకం పెట్టే మనుషులతో అలాంటిది కట్టగలమా?

డబ్బు సంగతి. ముందు సంస్థ పేరు మీద పాన్ తీసుకోండి, తర్వాత బ్యాంకు ఖాతా. ఆదాయపు పన్ను శాఖ దగ్గర మనం 12ఏ, 80జీ అని పిలుచుకునే నమోదులు రెండూ చేయించుకోండి. మొదటిది సంస్థ ఆదాయానికి, రెండోది దాతకు మినహాయింపు ఇస్తాయి. దాత 2000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే మాత్రం 80జీ వర్తించదు, ఆ మాట ముందే చెప్పండి. హైటెక్ సిటీ కంపెనీలు సమాజసేవకు కేటాయించే సీఎస్‌ఆర్ నిధుల కోసం మొదటి రోజే పరిగెత్తకండి. మామూలుగా మూడేళ్లు పనిచేసిన అనుభవం చూపించాలి. విదేశీ విరాళాలకు కూడా మూడేళ్లు నిండాలి, పైగా ఆశయాల మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. అప్పటిదాకా మన చందాలే. రూపాయి వచ్చినా రసీదు, రూపాయి పోయినా ఓచర్.

బోరబండ కేంద్రం కోసం మేము మళ్లీ మొదటి నుంచి కూర్చున్నాం. ఈసారి మా దగ్గర చదివే పిల్లల తల్లుల్లోంచి నలుగురిని సభ్యులుగా చేర్చుకున్నాం. ఇప్పటి కోశాధికారి ఎర్రగడ్డ రైతుబజార్ దగ్గర ఆకుకూరలు అమ్మే అక్క. ప్రతి నెలా మొదటి ఆదివారం లెక్కలన్నీ పైకి చదువుతుంది. పోయిన నెల చాక్‌పీసుల ఖర్చులో పన్నెండు రూపాయలు తేడా వచ్చింది. అల్మారా వెనక పడిపోయిన రసీదు దొరికేదాకా ఆమె మమ్మల్నెవరినీ మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టనివ్వలేదు.