ఇరవై ఒకటి రెళ్లు నలభై రెండు కాదు

అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున్నే, అదీ నడక ముగించుకుని దోసెలకు బయల్దేరే వేళకి నన్ను వినడానికి కూర్చున్నారు. అందుకు ముందే థ్యాంక్స్. నన్ను పిలిచిన అన్నయ్య ఫోన్లో ఒకే మాట చెప్పారు: "టీచరమ్మా, మనవాళ్లు ఆరుగురు హాఫ్ పరిగెత్తేశారు. ఇప్పుడు ఫుల్ అంటున్నారు. వాళ్లకి కాస్త చెప్పమ్మా." హాఫ్ అంటే 21.1 కిలోమీటర్ల పరుగు, ఫుల్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల మారథాన్. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా మొదటి ఫుల్ మారథాన్ చెడింది కూడా ఒక లెక్క దగ్గరే. పెద్ద లెక్కేం కాదు, రెండో ఎక్కం.

ఆగస్టులో హైదరాబాద్‌లో హాఫ్ పరిగెత్తాను. 2 గంటల 12 నిమిషాలు. ఆ ఉక్కపోతలో, ఆ ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ అంత టైమ్ రావడం నాకే నమ్మబుద్ధి కాలేదు. చివరి రెండు కిలోమీటర్లు పళ్లు బిగబట్టి పరిగెత్తాను. మెడల్ వేసుకుని ఫొటో దిగాక చేసిన మొదటి పని, ఆ 2:12ని రెండుతో గుణించడం. 4:24. అలసట కింద ఆరు నిమిషాలు కలిపి, జనవరిలో ముంబైలో ఫుల్ నాలుగున్నరకి కొట్టేస్తానని స్టాఫ్ రూమ్ అంతా చెప్పేశాను. మా ఆయనకి చెప్పాను, మా అమ్మకి చెప్పాను. మా అమ్మ "దేంట్లో కొట్టేస్తావే?" అని అడిగింది.

ముంబైలో కిలోమీటరుకి 6 నిమిషాల 15 సెకన్లు చొప్పున మొదలుపెట్టాను, అదే హాఫ్ పేస్. 21 దాటాను, బాగుంది. 25, బాగుంది. 30 కిలోమీటర్లకి వాచీ 3 గంటల 8 నిమిషాలు చూపించింది. తర్వాత ఒక కిలోమీటరులో ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. ఊపిరి మామూలుగానే ఉంది. గుండె దడ లేదు. కాళ్లు మాత్రం నావి కావు. రోడ్డు పక్కన ఎవరో పాప నారింజ తొన చాపింది, తీసుకోవడానికి చెయ్యి ఎత్తాలంటే విసుగేసింది. ఊరికే ఏడుపొచ్చింది. ముంబై దారిలో ఆఖర్లో పెద్దర్ రోడ్డు ఎక్కుడు ఉంటుంది. మామూలు రోజున అది ఒక ఎక్కుడు కూడా కాదు. ఆరోజు నేను దాన్ని తిరుమల మెట్లు ఎక్కినట్టు ఎక్కాను. మొత్తం 5 గంటల 16 నిమిషాలు. ఆ చివరి 12 కిలోమీటర్లకే 2 గంటలు దాటింది.

రన్నర్లు దీన్ని 'వాల్' అంటారు, గోడ. ఎందుకు వస్తుందో తెలిస్తే హాఫ్ మనల్ని ఎలా మోసం చేస్తుందో తెలుస్తుంది. అందుకే బోర్డు లేకపోయినా ఒక లెక్క చేస్తాను, ఓర్చుకోండి.

మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది. బాగా తిని సిద్ధమైన మనిషిలో ఆ నిల్వ సుమారు 2000 కేలరీలు. పరుగులో కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ ఖర్చు. అరవై కిలోల మనిషి హాఫ్ పరిగెత్తితే 1270 దగ్గర అవుతుంది. అంటే డబ్బాలో ఇంకా సరుకు ఉంది. అదే మనిషికి ఫుల్ అంటే 2500 పైచిలుకు. సరుకు చాలదు. కొవ్వు కూడా కాలుతుంది కాబట్టి బండి ఠక్కున ఆగిపోదు. కానీ కొవ్వు తడి కట్టె లాంటిది, మంట నెమ్మదిగా వస్తుంది. వేగం పెంచేకొద్దీ ఒళ్లు గ్లైకోజెన్‌నే ఎక్కువ అడుగుతుంది. అందుకే చాలామందికి ఆ గోడ 30కీ 35కీ మధ్య ఎదురవుతుంది. హాఫ్‌లో మీరు ఎంత వేగంగా పరిగెత్తినా ఆ గోడ కనబడదు. అది ఉండే వీధికే మీరు వెళ్లలేదు మరి.

పీటర్ రీగెల్ అని ఒక అమెరికన్ ఇంజినీరు ఉండేవారు. ఒక దూరం టైమ్ నుంచి ఇంకో దూరం టైమ్ అంచనా వేయడానికి ఆయన ఒక సూత్రం ఇచ్చారు. దూరాల నిష్పత్తికి 1.06 ఘాతం వేసి గుణించాలి. హాఫ్ నుంచి ఫుల్‌కి అది 2 కాదు, దగ్గరదగ్గర 2.085. నా 2:12ని అలా గుణిస్తే 4:35 వస్తుంది. అదైనా వారానికి బోలెడు కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకి. నాలాగా వారానికి 35 కిలోమీటర్లతో సరిపెట్టుకునేవాళ్లకి ఆ అంచనా కూడా ఆశే. ఈ సంగతి ముందే తెలిసుంటే స్టాఫ్ రూమ్‌లో నోరు మూసుకునేదాన్ని.

ఆరుగురికీ నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఫుల్‌కి సన్నాహంగా పరిగెత్తే హాఫ్‌ని ఒంట్లో ఓపిక ఇంకా మిగిలి ఉండగానే ముగించండి. ఆకలి ఇంకాస్త ఉండగానే విస్తరి ముందు నుంచి లేవమని పెద్దవాళ్లు అంటారే, అట్లా. ఫినిష్ దగ్గర మీ మొహంలో కొంచెం అసంతృప్తి కనబడాలి. "ఇంకో రెండు నిమిషాలు తగ్గించగలిగేవాణ్ణే" అనిపించాలి. ఆ తగ్గించకుండా దాచుకున్నదే మీకు తర్వాత పనికొస్తుంది.

రెండో ఏడు నేను అట్లాగే చేశాను. అసలు ఈవెంట్‌కే వెళ్లలేదు. బిబ్, అంటే ఛాతీకి పెట్టుకునే నంబరు లేదు, టైమింగ్ చిప్ లేదు, మెడల్ లేదు. మన నెల్లూరు నుంచి సముద్రానికి వెళ్లే మైపాడు రోడ్డు మీద పరిగెత్తాను.

మా ఆయన, నేను ఒక సాయంత్రం స్కూటరు మీద మైపాడు బీచ్‌కి వెళ్లాం. ఇసుక మొదలయ్యే చోట మీటరు చూసుకుని, ఊరి వైపు వెనక్కి కొలుచుకుంటూ వచ్చాం. 21.1 కిలోమీటర్లు ఒక పెట్రోలు బంకు దగ్గర తేలింది. అదే మా స్టార్టింగ్ పాయింట్. ముంబైకి ఆరు వారాల ముందు, డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం, పొద్దున నాలుగు ముప్పావుకి అక్కడ నిలబడ్డాను. ఆయన స్కూటరు హ్యాండిల్‌కి సంచి తగిలించారు. అందులో కర్జూరాలు, రెండు అరటిపళ్లు, ఓఆర్ఎస్ కలిపిన సీసా, ఉప్పు మజ్జిగ, ఇంకా ఒక కర్ర. కర్ర ఎందుకో ఆ దారిలో పొద్దున్నే బయల్దేరే ఎవరికైనా తెలుసు. కుక్కలు మనిషి నడిస్తే ఊరుకుంటాయి, పరిగెత్తితే ఊరుకోవు. ఆడమనిషి చీకట్లో పరిగెత్తితే కుక్కలే కాదు, మనుషులూ తిరిగి చూస్తారు. ఒక టీ బంకు దగ్గర పెద్దాయన కేకేశారు: "ఏం టీచరమ్మా, ఆటో దొరకలేదా? ఉండండి, మా పిల్లోణ్ణి బండేసుకుని రమ్మంటా!" ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అన్నారు.

ఆ రోజు నేను పరీక్షించింది నా వేగాన్ని కాదు. ముంబైలో ఏమేం జరగాలో అవన్నీ ముందే ఒకసారి జరిపించి చూశాను. పడుకునే ముందు తిన్న అన్నం, నెయ్యి లేని పప్పు, అదే. చేపల పులుసు ముట్టలేదు, మనకి అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. లేచిన టైమ్, టాయిలెట్‌కి వెళ్లిన టైమ్, కాఫీ తాగాలా వద్దా. నవ్వకండి, చాలామంది రేసులు చెడేది ఇక్కడే. వేసుకున్న బట్టలు, సాక్సుతో సహా ముంబైలో వేసుకోబోయేవే. పదో కిలోమీటరు దగ్గర లోదుస్తుల కుట్టు చంక కింద ఒరుసుకోవడం మొదలైంది. ఇంటికెళ్లి చూసుకుంటే వేలెడు మేర చర్మం లేచిపోయింది, స్నానం చేస్తుంటే మంటకి అరిచాను. ఐదు కిలోమీటర్ల పరుగులో ఆ కుట్టు ఎప్పుడూ ఏమీ చేయలేదు. ముంబైకి వేరేది కొనుక్కున్నాను, పైగా ఆ చోట వాజెలిన్ పూసుకున్నాను. ఇది హాఫ్‌లో తెలిసింది కాబట్టి వేలెడుతో పోయింది.

తిండి సంగతి. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పరుగులో లోపలికి పోవాలి. ఒక మోస్తరు అరటిపండులో దాదాపు పాతిక గ్రాములు ఉంటుంది, రన్నర్లు దారిలో మింగే తియ్యటి జెల్ ప్యాకెట్ కూడా ఇంచుమించు అంతే. కానీ పరుగులో కడుపు మన మాట వినదు, దానికి అలవాటు చేయాలి. నాకు ఎనిమిదో కిలోమీటరులో కర్జూరాలు దిగాయి, పదిహేనులో అరటిపండు దిగలేదు, గొంతులో అడ్డం పడింది. అందుకని ముంబైలో చివరి వరకూ కర్జూరాలే. ఆకలేశాక తింటే అప్పటికే ఆలస్యం.

నీళ్ల దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన నెల్లూరు వాళ్లం చెమట అనగానే చెంబుడు నీళ్లు తాగేస్తాం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, ఉండాల్సిన దానికంటే తక్కువగా తేలింది. అందులో ఎక్కువమంది ఒళ్లు ఎండిపోయినవాళ్లు కాదు, పరుగులో మరీ ఎక్కువ తాగి బరువు పెరిగినవాళ్లు. కనబడ్డ ప్రతి వాటర్ పాయింట్ దగ్గరా గ్లాసు ఎత్తేయాలని రూలేం లేదు. దాహాన్ని బట్టి తాగండి, ఉప్పు కలిసినవీ తాగండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం నా మాట కాకుండా మీ డాక్టరు మాట వినండి.

ఇక పేస్. ఆ రోజు కిలోమీటరుకి 6:45కి కట్టుబడ్డాను. ఇందుకూరుపేట దాటాక తెల్లవారింది, రెండు పక్కలా మడులు, ఇంకా ముందుకెళితే రొయ్యల గుంటల మోటార్ల చప్పుడు. ఈశాన్యం నుంచి గాలి ఎదురు కొడుతోంది. పదహారో కిలోమీటరు దగ్గర ఒళ్లు బాగా వేడెక్కి, ఇక దౌడు తీద్దామా అనిపించింది. మా ఆయన పక్కకి వచ్చి, స్పీడు పెరిగిందన్నారు. ఆయనకి మారథాన్ గురించి ఏమీ తెలియదు, స్పీడోమీటర్ చూడటం తెలుసు. తగ్గించాను. సముద్రం కనబడ్డప్పుడు 2 గంటల 22 నిమిషాలు. అంతకుముందు ఏడు కంటే పది నిమిషాలు ఎక్కువ. ఇసుకలో కూర్చుని నిజంగానే కాస్త చిన్నబుచ్చుకున్నాను. కానీ మర్నాడు బడిలో ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పాను. హైదరాబాద్ తర్వాత నాలుగు రోజులు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను.

తేడా అక్కడుంది. హాఫ్‌ని ప్రాణం పెట్టి పరిగెత్తితే, తేరుకోవడానికి వారమో పది రోజులో పోతుంది. ఆరు వారాల్లో పది రోజులంటే ఎంత నష్టమో చూడండి, ఫుల్‌కి అసలు బలం ఇచ్చే 30, 32 కిలోమీటర్ల లాంగ్ రన్ ఆ మధ్యలోనే పడాలి. నేను మైపాడు తర్వాత వారం తేలిగ్గా ఉండి, పద్నాలుగో రోజున 30 చేశాను. ఆపైన చివరి మూడు వారాలు టేపర్, అంటే దూరం తగ్గించుకుంటూ రావడం. టేపర్‌లో అందరికీ టెన్షనే, కాళ్లు దురద పెడతాయి. దురద పెట్టనివ్వండి.

ఇంకోటి మన వాతావరణం. పుస్తకాల్లో, యాప్‌లలో దొరికే ట్రెయినింగ్ ప్లాన్లు ఎక్కడో చల్లటి దేశాల వాళ్లు రాసినవి. మనకి ఆగస్టులో కూడా ఎండ వదలదు, అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జనవరి రేసు పెట్టుకున్నవాళ్లకి లాంగ్ రన్లన్నీ సరిగ్గా వాయుగుండాల్లో పడతాయి. రెండు ఆదివారాలు తుపానుకి పోతాయని ముందే లెక్కలో వేసుకోండి. పోయినదాన్ని పక్క వారంలో కలిపి పరిగెత్తకండి, అది అరియర్స్ కాదు కలిపి తీసుకోవడానికి. ఎండలో అయితే వాచీ పేస్‌ని పట్టించుకోవద్దు. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా, అంతే చూసుకోండి.

ఎవరో ఇందాక అడిగారు, ఆ 195 మీటర్లు ఎందుకని. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. ఆ దూరాన్నే 1921లో ఖాయం చేశారు. రాజుగారి కుర్చీ కోసం మన కాళ్లు నొప్పి పుడుతున్నాయన్నమాట. మన దేశపు రన్నర్ శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో ఆ దూరాన్ని 2 గంటల 12 నిమిషాల్లో పరిగెత్తారు, ఆ జాతీయ రికార్డు దశాబ్దాల పాటు నిలిచింది. గమనించారా, సరిగ్గా నా హాఫ్ టైమ్. నేను హైదరాబాద్‌లో మెడల్‌తో ఫొటో దిగే సమయానికి ఆయన నలభై రెండూ పూర్తి చేసేసేవారు.

రెండోసారి ముంబైలో నాకు 4:51 పట్టింది. పెద్దర్ రోడ్డు ఎక్కుడు పరిగెత్తే ఎక్కాను, నెమ్మదిగానే. పైన ఒక అమ్మాయి నారింజ తొన ఇస్తే తీసుకుని థ్యాంక్స్ చెప్పాను.

ఈ డిసెంబరులో కూడా మైపాడుకి పరుగు ఉంది. మొదటి ఆదివారం, పొద్దున నాలుగు ముప్పావు, అదే పెట్రోలు బంకు. వాన పడితే ఆపై ఆదివారం. స్కూటరు, మజ్జిగ, కర్ర మా ఆయనవి. కర్జూరాలు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.