వెనక నుంచి "టక్" అంటే షాకప్‌లు పోయినట్టేనా?

(కారు వెనక చక్రం పక్కన నిలబడి)

గుంతలో పడగానే వెనక "టక్"మంటుంది. షెడ్డుకి తీసుకెళ్తారు. మెకానిక్ డిక్కీ మీద రెండుసార్లు నొక్కి, "షాకప్‌లు పోయాయి సార్" అంటాడు. జత మార్పించి బిల్లు కడతారు. ఇంటికొచ్చే దారిలో మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గరే మళ్లీ "టక్". ఈ తంతు చూసి చూసి విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

షాకప్ పని స్ప్రింగు ఊగకుండా పట్టుకోవడం. అది అరిగిపోతే గుంత దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది. చప్పుడు చేసి తీరాలని ఏం లేదు. ఇనుము ఇనుముకి తగిలితే వచ్చేది టక్. తగలకుండా మధ్యలో కూర్చునేది రబ్బరు బుష్.

పెద్దవాళ్లు అంటుంటారే, "మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది" అని. ఆ గుజ్జే బుష్. గుజ్జు అరిగిన మనిషికి కొత్త చెప్పులు కొనిస్తే నొప్పి పోతుందా? షాకప్‌లు మార్చడమంటే అదే.

(కింద నుంచి యాక్సిల్ షాట్)

స్విఫ్ట్, ఐ20, టియాగో... వీటన్నిటికీ వెనక ఉండేది టార్షన్ బీమ్. 1974లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌కి పెట్టిన పద్ధతే. రెండు చక్రాలనీ కలిపే ఈ దూలాన్ని ముందువైపు బాడీకి పట్టి ఉంచేవి రెండే బుష్‌లు. బ్రేకు తొక్కినా, గుంతలో పడినా లాగుడంతా వాటికే. మోకాళ్లూ రెండేగా!

ముందు డిక్కీ ఖాళీ చేయండి. నవ్వకండి. స్టెప్నీ, జాకీ, పార్సిల్ ట్రే అన్నీ దించేసి, వెనక సీటు లాక్ సరిగ్గా పడిందో చూసుకుని, అదే రోడ్డు మీద తిప్పండి. చప్పుడు ఆగిపోయిందా? వీడియో ఇక్కడే ఆపేయొచ్చు.

ఆగలేదా? ఎప్పుడొస్తోందో గమనించండి. డాక్టరు కూడా మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా అనే కదా అడుగుతాడు. మెల్లగా చిన్న గతుకుల మీద పోతుంటే టకటకలాడితే, మొదట షాకప్ పై చివరని బాడీకి పట్టి ఉంచే మౌంటుని అనుమానించండి. దాని రబ్బరు, నట్టు. కొత్త షాకప్‌కి పాత మౌంటే తగిలిస్తే చప్పుడు ఎక్కడికి పోతుంది? రివర్స్‌లో బ్రేకు తొక్కగానే ఒకే ఒక్క టక్ వస్తే దూలం బుష్‌లు చూడాలి. స్పీడ్‌బ్రేకర్ మీద "ధబ్" అంటే బంప్‌స్టాప్, అంటే బండి పూర్తిగా కుంగినప్పుడు అడ్డుపడే రబ్బరు ముక్క. అయినా రోడ్లకి ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ స్పీడ్‌బ్రేకర్‌కి 1988లో చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మన కాలనీల్లో ఎవరింటి ముందు వాళ్లు సిమెంటుతో కట్టుకున్నవాటికి కొలతేముంది? అక్కడ ధబ్‌మంటే బండిని తిట్టకండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పాయింటు. లిఫ్టు మీద బాడీ పట్టి ఎత్తితే చక్రాలు వేలాడతాయి. బుష్ మీద బరువు తీరు మారిపోతుంది, చాలాసార్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మోకాలి ఎక్స్‌రే నిలబెట్టి తీస్తారు చూడండి, అందుకే. పడుకోబెడితే గుజ్జు ఎంత అరిగిందో సరిగ్గా తెలీదు. కాబట్టి చక్రాల మీద బరువు ఉండగా, ర్యాంపు మీద చూడాలి. ఒకరు బండిని ఊపుతుంటే ఇంకొకరు మౌంటు మీద, బుష్ అంచున వేలు ఆనించాలి. సందులో పెట్టకండి, పైన ఆనించండి చాలు. చెవిని నమ్మొద్దు. తుంటిలో తేడా ఉంటే మోకాలు నొప్పి పెట్టినట్టు, చప్పుడు బాడీ రేకు వెంట పాకి ఇంకోచోట వినిపిస్తుంది. వేలు మోసపోదు. వట్టి జాకీ మీద నిలబెట్టి మాత్రం కిందికి దూరొద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. స్ప్రింగు చివరి చుట్టు విరిగి రబ్బరు సీటులో దాక్కుంటుంది, వేలితో తడమండి. సైలెన్సర్ వేలాడే రబ్బర్లు లాగి చూడండి. ఖాళీ రోడ్డు మీద నడక వేగంలో హ్యాండ్‌బ్రేక్ ఒక్క క్లిక్కు లాగితే చప్పుడు మారిందా? బ్రేకులు విప్పించండి. బొలెరో వాళ్లకి వెనక కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) కాబట్టి, పట్టీ చివర ఉండే షాకిల్ బుష్‌లు, పట్టీల్ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు, పట్టీలన్నిటినీ కలిపి ఉంచే సెంటర్ బోల్టు చూడండి.

ఒక్కటి, ఒక్కటే. బుష్ కొత్తది వేశాక బోల్టు చివరి బిగింపు చక్రాలు నేలకి ఆనాకే. వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది. "ఏం కాదు సార్" అంటారు. అన్నా సరే, దింపించి మీ కళ్ల ముందే బిగించమనండి.