300 బ్లాకౌట్ ఏడాది వాడాక: రైఫిల్ నచ్చింది, 5.56 పక్కన మాత్రం పెట్టను

నమస్తే అండీ, డాలస్ నుంచి. ముందు ఇది చూడండి. టేబుల్ మీద రెండు రైఫిళ్లు, రెండిటి బోల్టులూ (తూటాని లోపలికి తోసి మూసే భాగం) వెనక్కి లాగి ఉన్నాయి, చాంబర్లు, అంటే తూటా కూర్చునే చోట్లు, ఖాళీ. నా చేతిలో ఉన్నవి డమ్మీ రౌండ్లు. లోపల మందు లేదు, ప్రైమర్ లేదు. అసలు తూటాలు ఈ గదిలోనే లేవు.

ఏడాదిగా 300 బ్లాకౌట్ అనే రకం తూటా పేల్చే రైఫిల్ వాడుతున్నాను. టేబుల్ మీద రెండోది 5.56 తూటాది. రివ్యూ చేయమని చాలామంది అడిగారు. రైఫిల్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అసలు మాట్లాడాల్సింది వేరే ఉంది. పొట్టి బ్యారెల్‌లో కూడా బాగా పనిచేస్తుంది, తొమ్మిది అంగుళాలు చాలు. 220 గ్రెయిన్ల (గుండు బరువుకి వాడే కొలత) బరువు గుండు వాడితే ధ్వని వేగం దాటదు, చప్పుడు తగ్గించే సప్రెసర్ ఉంటే చెవికి హాయి. 110, 125 గ్రెయిన్ల తేలిక గుండ్లు వేగంగా వెళ్తాయి. ఇక్కడ టెక్సస్‌లో పొలాల మీద పడే అడవి పందులకి చాలామంది ఇదే వాడతారు. తూటా ఖరీదు 5.56 కంటే ఎక్కువ. అంతే.

ఇప్పుడు అసలు విషయం. కెమెరా దగ్గరికి తెస్తాను. ఎడమ చేతిలోది 5.56, కుడి చేతిలోది బ్లాకౌట్. అడుగు వైపు తిప్పితే రెండూ కవలపిల్లలే. కారణం ఏంటంటే బ్లాకౌట్‌ని పుట్టించిందే .223 కేసు నుంచి, అది దాదాపు 5.56 కొలతలదే. ఆ ఇత్తడి గొట్టాన్ని పొట్టిగా కోసి, మూతి వెడల్పు చేసి, లావు గుండు పెట్టారు. 2011లో దీనికి అమెరికాలో తూటాల కొలతలు ఖరారు చేసే సామీ సంస్థ ప్రమాణం వచ్చింది. బోల్ట్ అదే, మ్యాగజైన్ అదే, బ్యారెల్ ఒక్కటే వేరు. కొనేటప్పుడు ఇదే దాని గొప్ప అని చెప్తారు. నిజమే. ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది.

5.56 గుండు మందం అంగుళంలో 0.224 వంతు. బ్లాకౌట్ గుండు 0.308. మిల్లీమీటర్లలో అయితే 5.7, 7.8. మరి ఇంత లావుది ఆ సన్న బ్యారెల్‌లోకి ఎలా పోతుంది? పోదు. కానీ పొట్టి, తేలిక గుండు ఉన్న రౌండ్ అయితే, బోల్ట్ తోసే తోపుకి గుండు వెనక్కి కేసులోకి దిగిపోతుంది. బోల్ట్ మూసుకుపోతుంది. మీకు అంతా మామూలుగానే అనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే గుండు ముందుకి వెళ్లలేదు, గ్యాస్‌కి దారి లేదు. కేసు పగులుతుంది, బోల్ట్ ఉండే రిసీవర్ చీలుతుంది, మ్యాగజైన్ కింది నుంచి ఊడి పడుతుంది. ఇదంతా మీ చెంపకి కొన్ని అంగుళాల దూరంలో జరుగుతుంది.

అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను: బోల్ట్ పూర్తిగా మూసుకోకపోతే, దాన్ని ముందుకి నెట్టే ఫార్వర్డ్ అసిస్ట్ బటన్‌ని అరచేత్తో కొట్టకండి. అది ఎంత అలవాటైపోయిందో నాకు తెలుసు, నేనూ కొట్టేవాణ్ణే. మ్యాగజైన్ తీయండి, బోల్ట్ వెనక్కి లాగండి, రౌండ్ బయటికి తీసి చూడండి.

మొన్న వేసవిలో రేంజ్‌లో ఒక మిత్రుడు నా బ్యాగులోంచి మ్యాగజైన్ తీసి 5.56లో పెట్టబోయాడు. పై రౌండ్ పొట్టిగా కనిపించిందని ఆగి, "అన్నా, ఇదేంటి?" అన్నాడు. బ్లాకౌట్. నింపింది నేనే, రెండు రకాలూ ఒకే బ్యాగులో పెట్టింది నేనే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బ్యారెల్ మీద రాసి ఉన్నది, పెట్టె మీద ఉన్నది, తూటా అడుగున కొట్టిన ముద్ర, మూడూ కలవాలి అంటారు. మంచి పద్ధతే. కానీ ఇంట్లో రీలోడ్ చేసేవాళ్లు, అంటే పేలిన కేసుల్లో మళ్లీ మందు, గుండు నింపేవాళ్లు, పాత .223 కేసులు కోసి బ్లాకౌట్ చేస్తారు. అడుగున మాత్రం పాత ముద్రే ఉంటుంది! అది చదివి 5.56లో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎవరో చేసిన రీలోడ్లు నేను తీసుకోను, ఎంత దగ్గరివాళ్లిచ్చినా సరే.

మన ఊళ్ల నుంచి చూసేవాళ్లకి ఒక మాట. లైసెన్సు ఉన్న ఇళ్లలో 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉంటుంది కదా, తాతల నాటి తుపాకీల్లో కొన్నిటి చాంబర్ రెండున్నర అంగుళాలే, అంటే సుమారు 65 మిల్లీమీటర్లే. అందులో 70 మిల్లీమీటర్ల తూటా సాఫీగా దిగిపోతుంది, ఎందుకంటే దాని మూతి మడిచి ఉంటుంది. పెట్టె మీద రాసే పొడవు పేలి, మడత విప్పుకున్నాక ఉండే పొడవు. విప్పుకోవడానికి చోటు లేకపోతే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కాబట్టి పట్టింది కదా అని పేల్చకండి, ముందు తుపాకీల పని తెలిసినవాళ్ల చేత చాంబర్ కొలిపించండి. ఇక ఇక్కడివాళ్లకి: 20 గేజ్ తూటా 12 బోర్ దానికంటే సన్నది, అందుకే 12లో జారి ముందుకెళ్లి ఇరుక్కుంటుంది. దాని వెనక 12 పెట్టి పేలిస్తే, బ్యారెల్ మీ ఎడమ చెయ్యి ఉన్నచోట పగులుతుంది. 20 గేజ్‌కి పసుపు రంగు అందుకే.

సరే, ఈ రైఫిల్ కొనొచ్చా? కొనొచ్చు, నేను అమ్మను. మ్యాగజైన్లు వేరే రంగువి కొన్నాను, బ్యాగు వేరు చేశాను. ఏ రైఫిల్ రేంజ్‌కి తీసుకెళ్తే రెండోదాని తూటాలు ఇంట్లో బీరువాలోనే, తాళం వేసి. ఈ శనివారం బ్లాకౌట్ వంతు.