ఓవర్‌హ్యాండ్ త్రోకి ఏ డిస్క్? ముందు ఒరగడం చూడండి

అందరికీ నమస్కారం. డిస్క్ గోల్ఫ్‌లో (డిస్క్‌ని విసిరి, దూరంగా నిలబెట్టిన బాస్కెట్‌లో పడేసే ఆట) ఇలాంటి చోట మీరూ ఇరుక్కుని ఉంటారు. బాస్కెట్ అల్లంత దూరంలో కనిపిస్తోంది, మధ్యలో చెట్ల గుంపు. ఎడమ వైపు సందు లేదు, కుడి వైపూ లేదు. మిగిలింది పైదారే. చెయ్యి తల మీదుగా తెచ్చి డిస్క్‌ని నిలువుగా విసరాలి. అదే ఓవర్‌హ్యాండ్. మరి దానికి బ్యాగులోంచి ఏ డిస్క్ తియ్యాలి?

ముందు గాలిలో ఏం జరుగుతుందో చూద్దాం. మామూలు త్రోలో డిస్క్ బోర్లించిన పళ్ళెంలా వెళ్తుంది. ఓవర్‌హ్యాండ్‌లో అంచు మీద నిలబడి పైకి లేస్తుంది, కాసేపటికి పక్కకి ఒరుగుతుంది, చివరికి వెల్లకిలా తిరిగి దిగుతుంది. ఆ ఒరగడం ఎప్పుడు మొదలవుతుంది, ఎంత త్వరగా పూర్తవుతుంది? నేను డిస్క్‌ని ఎంచుకునేది ఇది చూసే.

నేను మొదట్లో టర్న్ -3 ఉన్న, అంటే విసిరిన కొత్తలోనే బాగా పక్కకి తిరిగే, తేలికైన డ్రైవర్ (దూరం విసరడానికి చేసిన డిస్క్) వాడాను. మామూలుగా విసిరితే అదే అన్నిటికన్నా దూరం వెళ్ళేది కదా, ఇక్కడా వెళ్తుందనుకున్నాను. చెయ్యి వదిలీ వదలగానే తిరగబడి, చెట్ల ముందే పడేది. లోపం చేతిలో ఉందనుకుని చాలా రోజులు చెయ్యి తిప్పే తీరే మార్చుకున్నాను. అసలు మార్చాల్సింది డిస్క్‌ని.

అండర్‌స్టేబుల్ డిస్క్ (ఇలా టర్న్ ఎక్కువ ఉన్నది) నిలువుగా ఎక్కువసేపు ఉండదు, తొందరగా ఒరిగిపోతుంది. ఓవర్‌స్టేబుల్ డిస్క్ (టర్న్ దాదాపు లేకుండా, చివర్లో ఎదురు వైపుకి గట్టిగా వంగేది) అయితే మొండిగా నిలబడి, నెమ్మదిగా తిరుగుతుంది. చెట్లు దాటేదాకా ఆగేది అదే. అందుకే చాలామంది ఓవర్‌హ్యాండ్‌కి ఇన్నోవా కంపెనీ ఫైర్‌బర్డ్ డిస్క్ లాంటివి వాడతారు. దానికి కంపెనీ ఇచ్చిన అంకెలు స్పీడ్ (ఎంత వేగంగా విసరాలో) 9, గ్లైడ్ (గాలిలో ఎంత తేలుతుందో) 3, టర్న్ 0, ఫేడ్ (చివర్లో ఎదురు వైపుకి ఎంత వంగుతుందో) 4. ఈ అంకెలు మామూలు త్రో కోసం ఇచ్చినవని మాత్రం మర్చిపోకండి. స్పీడ్ 13 అని ఉన్నంత మాత్రాన ఓవర్‌హ్యాండ్‌లో ఎక్కువ దూరం వెళ్ళదు. నేనైతే ముందు టర్న్, ఫేడ్ చూస్తాను. గ్లైడ్‌ని దాదాపు పట్టించుకోను.

తర్వాత చూడాల్సింది రిమ్, అంటే డిస్క్ చుట్టూ ఉండే అంచు. ఓవర్‌హ్యాండ్‌ని రెండు పట్టులతో వేస్తారు: టోమహాక్‌లో వేళ్ళు రిమ్ లోపల ఆనుతాయి, థంబర్‌లో బొటనవేలు ఆనుతుంది. థంబర్ వేసేవాళ్ళకి రిమ్‌లో తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే విసురు బరువంతా ఆ ఒక్క వేలి మీదే పడుతుంది. రిమ్ మరీ వెడల్పుగా ఉన్నా, లోపలి అంచు గరుకుగా ఉన్నా పది త్రోలకే వేలు కమిలిపోతుంది. నొప్పి పుడితే పట్టు సడలుతుంది, పట్టు సడలితే గురి పోతుంది. కొనే ముందు డిస్క్‌ని ఆ పట్టులోనే పట్టుకుని చూడండి. అన్నట్టు, ఈ రెండు త్రోలూ గాలిలో ఒకదానికొకటి ఎదురు దిక్కులకి తిరుగుతాయి. రెండూ నేర్చుకుంటే ఒకే డిస్క్‌తో రెండు దారులు దొరుకుతాయి.

బరువు 175 గ్రాముల దగ్గర ఉంటే నాకు నచ్చుతుంది, గాలికి చెదరదు. భుజం బలం ఇంకా రానివాళ్ళు కాస్త తేలికది తీసుకోండి, తప్పేం లేదు.

ప్లాస్టిక్ దగ్గర మాత్రం రాజీ పడకండి. ఈ త్రోలో డిస్క్ కొమ్మలకి తగులుతుంది, ఎత్తు నుంచి పడి అంచుతో నేలని కొడుతుంది. చవక ప్లాస్టిక్ అయితే అంచు త్వరగా నలిగి, ఓవర్‌స్టేబుల్ గుణం పోతుంది. నిన్నటి దాకా చెట్టు దాటిన డిస్క్ ఇవాళ ముందే ఒరుగుతుంటే, చేతిని అనుమానించే ముందు ఆ అంచు ఒకసారి తడిమి చూడండి.

ఇక మైదానంలో పరీక్ష. భుజాలు బాగా వేడెక్కించండి, చల్లని భుజంతో ఓవర్‌హ్యాండ్ అసలు వద్దు. రెండు మూడు డిస్కులు తీసుకుని ఒకే ఎత్తుకి, ఒకే బలంతో ఒక్కొక్కటీ అయిదుసార్లు విసరండి. దూరం కొలవకండి. ఎక్కడ ఒరగడం మొదలైందో, నేలని ఎలా తాకిందో గమనించండి. పూర్తిగా వెల్లకిలా పడితే చాలావరకు అక్కడే ఆగుతుంది. అంచు మీద పడితే మాత్రం దొర్లుకుంటూ ఎటు పోతుందో చెప్పలేం. చెట్టు ఎత్తుగా ఉంటే తిరగడానికి సమయం బోలెడు, మొండి డిస్క్ కావాలి. చెట్టు పొట్టిగా ఉండి బాస్కెట్ దగ్గరలో ఉంటే అదే మొండి డిస్క్ తిరగడం పూర్తికాకుండానే అంచు మీద పడుతుంది. అక్కడ నేను కాస్త వాడి మెత్తబడిన పాత ఫైర్‌బర్డ్ తీస్తాను. కొత్తది ఎత్తైన చెట్లకి, పాతది పొట్టి వాటికి. నా బ్యాగులో రెండూ పక్కపక్కనే ఉంటాయి.