పాయిరో ఎలా తయారయ్యాడు: డేవిడ్ సూషే పనితనం

[తెరపై: నంబర్లు వేసి రాసుకున్న చేతిరాత కాగితం]

మొత్తం 93 పాయింట్లు. రచయిత్రి అగాథా క్రిస్టీ సృష్టించిన డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరో గురించి, టీవీలో ఆ పాత్ర వేయడానికి ముందు బ్రిటిష్ నటుడు డేవిడ్ సూషే కథలన్నీ చదివి రాసుకున్నవి. మొదటి పాయింటు: ఇతను బెల్జియం వాడు, ఫ్రెంచివాడు కాదు. మూడోది: టీలోనైనా కాఫీలోనైనా నాలుగు చక్కెర బిళ్లలు. కొన్నిసార్లు మూడు. ఒకటి రెండు సందర్భాల్లో ఐదు!

కెమెరా ముందు కప్పు అందుకున్నాక ఎన్ని బిళ్లలు వేయాలా అని నటుడు తడుముకుంటే పాత్ర అక్కడే చెదిరిపోతుంది. అందుకే ఈ లెక్క.

[తెరపై: లండన్, 1946]

సూషే పుట్టింది 1946 మే 2న, లండన్‌లో. నటన నేర్చుకుని, 1973లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ అనే నాటక సంస్థలో చేరారు. టీవీలో మనోవిశ్లేషణ శాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్‌గా కనిపించారు. 1985లో పీటర్ ఉస్తినోవ్ పాయిరోగా చేసిన ఒక టీవీ సినిమాలో ఈయనది పాయిరో కథల్లోని పోలీసు అధికారి ఇన్‌స్పెక్టర్ జాప్ వేషం. ఆ నటన ఆయనకే అస్సలు నచ్చలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1989 జనవరి 8న, బ్రిటన్ టీవీ ఛానెల్ ఐటీవీలో ఆయనే పాయిరో.

[తెరపై: గొంతు, ఛాతీ, తల చూపించే బొమ్మ]

ముందు గొంతు సంగతి. సూషే అసలు గొంతు బరువైనది, ఛాతీలోంచి వస్తుంది. పాయిరో బలమంతా బుర్రలోనే ఉంది కాబట్టి గొంతును పైకి, తలలోకి ఎక్కించారు. యాస కోసం బెల్జియం, ఫ్రాన్స్ రేడియోలు విన్నారు. ఇక్కడ చిక్కేమిటంటే, కథల్లో అందరూ అతన్ని ఫ్రెంచివాడనే పొరబడతారు. యాస వాళ్లను నమ్మించాలి, అయినా బెల్జియంది అయ్యుండాలి. మరీ చిక్కబడితే ఇంకో నష్టం: చివర్లో అందర్నీ కూర్చోబెట్టి హంతకుణ్ణి తేల్చే ఆ పొడవాటి సంభాషణలో చూసేవాళ్లకు ఒక్క ఆధారం వినపడకపోయినా కథ అర్థం కాదు.

తర్వాత నడక. చిన్న చిన్న అడుగులు, వేగంగా. దీనికి ప్రసిద్ధ నటుడు లారెన్స్ ఒలివియర్ చెప్పిన చిట్కా పట్టుకున్నారు: పిరుదుల మధ్య ఒక పెన్నీ నాణెం బిగించి, కింద పడకుండా నడవడం. అడుగు పెద్దదైతే నాణెం జారిపోతుంది. అలా సాధన చేస్తే మోకాళ్లు వాటంతటవే దగ్గరకొస్తాయి.

పొట్టకు, ఛాతీకి, వీపుకు, భుజాలకు మెత్తలు కట్టారు. పొట్టకు మాత్రమే కట్టి వదిలేస్తే లావు మనిషిలా కాకుండా దిండు దాచుకున్నవాడిలా కనిపిస్తారు.

[తెరపై: పార్కు బెంచీ, పరిచిన రుమాలు]

మొదటి ఎపిసోడ్‌లోనే గొడవ వచ్చింది. బెంచీ మీద కూర్చునే ముందు రుమాలు పరుస్తానన్నారు సూషే. నవ్వులాటగా ఉంటుందని దర్శకుడు ఒప్పుకోలేదు. సూషే పట్టు విడవలేదు. చివరికి నిర్మాత బ్రయన్ ఈస్ట్‌మన్ సూషే వైపు నిలబడ్డారు. అది మొండితనం కాదని మా అభిప్రాయం. క్రిస్టీ కూతురు రోజలిండ్ హిక్స్ ముందే గట్టిగా చెప్పారు: ప్రేక్షకులు పాయిరోతో కలిసి నవ్వాలి, పాయిరోను చూసి నవ్వకూడదని. అతని శుభ్రత పిచ్చిని నటుడే వెక్కిరింపుగా చేస్తే ఆ గీత దాటినట్టే. సూషే రుమాలు పరిచేది నవ్వించడానికి కాదు, ప్యాంటు మురికి కాకూడదని.

[తెరపై: 1989 – 2013]

13 సిరీస్‌లు, 70 ఎపిసోడ్‌లు. మధ్యలో 2001లో బీబీసీకి మోసగాడైన ధనవంతుడు మెల్మాట్‌గా చేశారు. 2007లో పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్‌గా చేసినందుకు ఇంటర్నేషనల్ ఎమ్మీ వచ్చింది. 2020లో నైట్‌హుడ్ ఇచ్చారు.

పాయిరో చనిపోయే 'కర్టెన్' ఎపిసోడ్ అన్నిటికంటే చివర, 2013 నవంబరులో ప్రసారమైంది. కానీ ఆ ఆఖరి సిరీస్‌లో ముందు తీసింది దాన్నే. సూషే బరువు తగ్గి, చక్రాల కుర్చీలో కూర్చుని చేశారు. అది ముగించాక మిగతావి తీశారు. ఆఖరి రోజు షూటింగ్ డెవాన్‌లో, క్రిస్టీ సొంత ఇల్లు గ్రీన్‌వేలో జరిగింది. చనిపోయిన పాయిరోతో కాకుండా, బతికున్న పాయిరోతో పని ముగించాలని ఆయన కోరుకున్నారు.

మొదటి ఎపిసోడ్, 'కర్టెన్' వెంటవెంటనే చూడండి. ముందు గొంతు వినండి, తర్వాత భుజాలు గమనించండి.